రెండో డిస్కుకు చోటెక్కడ?

చెన్నై మౌంట్ రోడ్డు నుంచి రిచీ స్ట్రీట్‌లోకి తిరిగితే కంప్యూటర్ విడిభాగాల కొట్లు వరసగా కనిపిస్తాయి. పాత మెషిన్‌లో జాగా చాలనివాళ్లు అక్కడో డిస్కు కొనుక్కుని బిగించుకుంటారు. విండోస్‌లో అయితే దానికి డీ అనో, ఈ అనో కొత్త అక్షరం వస్తుంది. లినక్స్‌లో అలాంటి అక్షరమేదీ రాదు. ఉన్న డైరెక్టరీల్లోనే ఒకదానికి ఆ డిస్కును తగిలించాలి. ఇది మనకు యునిక్స్ తొలినాళ్ల నుంచి వచ్చిన పద్ధతి.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ (మన వీధి పేరుకూ ఈయనకూ సంబంధం లేదు) యునిక్స్‌ను పీడీపీ-11 కంప్యూటర్ మీదికి తెచ్చినప్పుడు దాని మెమరీ 24 కిలోబైట్లు, డిస్కు 512 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటైనా అందులో పట్టడం కష్టం. అందుకే వాడేవాళ్ల ఫైళ్లను మరో డిస్కులో పెట్టి, దాన్ని యూఎస్‌ఆర్ అనే డైరెక్టరీ దగ్గర కలిపారు. కెన్ ఫైళ్లు ‘యూఎస్‌ఆర్/కెన్’లో ఉండేవి. 1971 నవంబర్ 3 తేదీతో వెలువడిన తొలి మాన్యువల్‌లోనే ఇలా కలిపే ‘మౌంట్’ కమాండ్ ఉంది.

నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఇదే: ఆ దారిన వెళ్లే ప్రోగ్రామ్‌కు తాను ఒక డిస్కు దాటి మరోదాంట్లో అడుగుపెట్టానన్న సంగతే తెలియదు. 1974లో రిచీ, థాంప్సన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒక్క మినహాయింపు చెప్పింది. ఒక డిస్కులోని ఫైలుకు మరో డిస్కు నుంచి లింకు వేయకూడదు. హార్డ్ లింకుల విషయంలో ఈనాటికీ అంతే.

సీడాక్ చెన్నై కేంద్రం డెబియన్ ఆధారంగా రూపొందించి 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ తెలుగుతో సహా మన భాషల్లో పనిచేస్తుంది. అందులోనూ డిస్కు తగిలించే పద్ధతి ఇదే. కొత్త డిస్కు సాధారణంగా ఎస్‌డీబీగా కనిపిస్తుంది. పార్టిషన్ చేసి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, ఖాళీ డైరెక్టరీకి మౌంట్ చేయాలి. ఖాళీదే ఎందుకంటే, అందులో ముందే ఫైళ్లుంటే కొత్త డిస్కు వాటిని కప్పేస్తుంది. చెరిగిపోయాయని కంగారుపడేవాళ్లెందరో! అన్‌మౌంట్ చేస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

రీబూట్ తర్వాత కూడా డిస్కు నిలవాలంటే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక వరుస రాయాలి. ఆ ఫైలు 1980లో బర్క్‌లీ యునిక్స్ నుంచి వచ్చింది. ఎస్‌డీబీ అని మాత్రం రాయకండి. కేబుల్ మార్చినా, ఇంకో డిస్కు పెట్టినా ఆ పేరు మారిపోవచ్చు. ఫైల్‌సిస్టమ్‌కు ఉండే గుర్తింపు సంఖ్య యూయూఐడీని రాయడమే క్షేమం. పక్కన ‘నోఫెయిల్’ కూడా చేర్చండి, లేకుంటే డిస్కు ఊడిన రోజు మెషిన్ బూట్ మధ్యలోనే ఆగిపోవచ్చు.

మళ్లీ యూఎస్‌ఆర్ సంగతికొస్తే, వాడేవాళ్ల కోసం పుట్టిన ఆ డైరెక్టరీలోకి క్రమంగా ప్రోగ్రాములు కూడా చేరాయి. దాంతో ప్రోగ్రాములుండే బిన్ డైరెక్టరీ ఒకటి పైన, ఇంకొకటి యూఎస్‌ఆర్‌లో అని రెండు చోట్లయ్యాయి. డిస్కులు పెద్దవయ్యాక కూడా ఈ రెండూ దశాబ్దాలపాటు కొనసాగాయి. ఫెడోరా లినక్స్ 2012లో వాటిని కలిపేసింది. డెబియన్ 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి కలిపిన అమరికను తప్పనిసరి చేసింది.