ఒత్తిడికి మాత్ర - ఒక నమ్మకం వెనకున్న కథ



ఇక్కడ మన ఇళ్ళలో వంటింటి అల్మరా తెరిస్తే పోపుల డబ్బా పక్కనే విటమిన్ సీసాలు కూడా కనబడతాయి. వాటిలో ఒకటో రెండో "స్ట్రెస్" అన్న మాటని పేరులోనే పెట్టుకుని ఉంటాయి. ఒకదాంట్లో బి-కాంప్లెక్సు, ఇంకోదాంట్లో విటమిన్ సి, ఈమధ్య కొన్నవాటిలో అశ్వగంధ. "ఒత్తిడి ఎక్కువైతే ఒంట్లో విటమిన్లు కరిగిపోతాయి, మళ్ళీ నింపుకోవాలి" అని మనతో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, అందులో నిజమెంత అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

మన పెద్దవాళ్ళు బెంగ అన్నారు, దిగులు అన్నారు, ఆరాటం అన్నారు. "మనోవ్యాధికి మందు లేదు" అని సామెత కూడా చెప్పారు. ఒత్తిడి అన్న మాట ఈ అర్థంలో మనకి కొత్త. ఆ మాటకొస్తే ఇంగ్లీషులోనూ స్ట్రెస్ అనేది ఇనపకడ్డీ ఎంత బరువు మోస్తుందో లెక్కకట్టే ఇంజనీర్ల మాట. దాన్ని వైద్యంలో అందరి నోటా నానేలా చేసినవాడు హాన్స్ సెల్యే. 1936లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన "నేచర్" పత్రికకి చిన్న ఉత్తరం రాశాడు. ఎలుకల్ని చలిలో ఉంచినా, కత్తితో కోసినా, విషం లాంటిది ఎక్కించినా, శక్తికి మించి పరుగెత్తించినా లోపల కనబడే మార్పులు అవేనట. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయి, ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కడుపులో పుళ్ళు పడతాయి. దెబ్బ ఏదైనా శరీరం ఇచ్చే జవాబు ఒక్కటే అన్నాడు సెల్యే.

ఇందులోకి విటమిన్ ఎలా వచ్చిందో చూడండి. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1928లో, ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గి అనే హంగేరీ శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో పనిచేస్తూ పశువుల ఎడ్రినల్ గ్రంథుల్లోంచి ఒక పదార్థాన్ని వేరు చేశాడు. అదే పదార్థం నారింజలోనూ క్యాబేజీలోనూ దొరికింది. తర్వాత అది విటమిన్ సి అని తేలింది. పరిశోధనకి సరిపడా సరుకు కావలసొచ్చి, అమెరికా వచ్చినప్పుడు కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకున్నాడు. చివరికి హంగేరీలో వాళ్ళ ఊళ్ళో పండే ఎర్ర మిరపలోనే బోలెడు ఉందని కనుక్కున్నాడు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరపకాయ తినేవాళ్ళం మనం గర్వపడొచ్చు, కానీ అది పచ్చిగా ఉన్నప్పటి సంగతి, ఎండబెట్టి కారం కొట్టాక కాదు.

1940లలో అమెరికాలో జార్జి సేయర్స్, ఆయన సహచరులు ఇంకో విషయం గమనించారు. ఎడ్రినల్ గ్రంథిని పురిగొల్పే ఏ.సి.టి.హెచ్. అనే హార్మోను ఎలుకకి ఎక్కిస్తే, కొద్దిసేపట్లోనే ఆ గ్రంథిలోని విటమిన్ సి బాగా పడిపోతుంది. ఎంత పడిపోయిందో చూసి హార్మోను బలాన్ని కొలిచేవారు. ప్రయోగశాలలో అది ఒక కొలమానం, అంతే. బయట మాత్రం అర్థం మారిపోయింది. ఒత్తిడి వస్తే విటమిన్ ఖాళీ అవుతోంది, కాబట్టి ఒత్తిడిలో ఉన్న మనిషి విటమిన్ మింగాలి అన్నారు. వినడానికి బాగానే ఉంది కదండీ? కానీ ఎలుక తన విటమిన్ సి తనే తయారుచేసుకుంటుంది, మనిషికి ఆ శక్తి లేదు. పైగా గ్రంథిలోంచి విటమిన్ బయటికి వచ్చినంత మాత్రాన ఒంట్లో కరువు వచ్చినట్టు కాదు. మనుషుల్లో కూడా ఆ హార్మోను తగలగానే గ్రంథి విటమిన్ సిని రక్తంలోకి వదులుతుందని 2007లో రుజువైంది. అది కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. మామూలుగా కూరా పండూ తినే మనిషికి దీనివల్ల లోటు వస్తుందని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు.

రెండో మలుపు 1952. అమెరికా జాతీయ పరిశోధనా మండలి రోగుల పోషణ మీద ఒక పుస్తకం ప్రచురించింది. రాసినవాళ్ళు పొలాక్, హాల్పెర్న్ అనే వైద్యులు. ఒళ్ళు కాలినవాళ్ళకి, పెద్ద ఆపరేషన్లయినవాళ్ళకి, తీవ్రమైన జబ్బులతో మంచం పట్టినవాళ్ళకి బి విటమిన్లూ, సి విటమినూ మామూలుకన్నా ఎన్నో రెట్లు ఇవ్వమన్నారు. అది సబబే. శరీరానికి తగిలిన దెబ్బ గురించి వాళ్ళు మాట్లాడుతున్నారు. ఆ లెక్క ఆధారంగా లెడర్లీ కంపెనీ "స్ట్రెస్‌క్యాప్స్" అనే గొట్టం మాత్రలు తెచ్చింది. 1956లో సెల్యే మామూలు పాఠకుల కోసం "ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్" రాశాడు. ఆపరేషను బల్ల మీది ఒత్తిడీ, ఆఫీసులో పైఅధికారి పెట్టే ఒత్తిడీ ఒకే మాట కింద చేరిపోయాయి. మొదటిదానికి రాసిన మందు రెండోదానికి అమ్ముడుపోయింది. నా ఉద్దేశంలో ఈ కథంతా ఈ ఒక్క మాట మీదే తిరిగింది.

లెడర్లీ అంటే మనకి గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో 1895లో పుట్టి, స్ప్రూ అనే పేగుల జబ్బుకి అన్నదమ్ములిద్దర్ని పోగొట్టుకున్నవాడు. అమెరికా రాకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనలకి నాయకత్వం వహించారు. అక్కడే ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. అది లేక మనుషులు చచ్చిపోయే జబ్బుల కోసం ఆయన ఆ విటమిన్ వెంటపడ్డారు. 1948లోనే పోయారు కాబట్టి స్ట్రెస్ మాత్రల వ్యవహారంలో ఆయన పాత్ర లేదు.

తర్వాత వచ్చిన "స్ట్రెస్‌టాబ్స్ 600"లో ఆ 600 అంటే విటమిన్ సి మిల్లీగ్రాములు. పెద్ద మగవాడికి రోజుకి 90, ఆడవాళ్ళకి 75 చాలని ఇప్పటి లెక్క. రోజువారీ ఒత్తిడి విటమిన్లని హరిస్తుందన్నట్టుగా చేసిన ప్రకటనల మీద 1980ల నడుమ న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ చర్య తీసుకుంటే, కంపెనీ డబ్బు కట్టి అలా చెప్పడం మానుకుంది. మాట మాత్రం జనంలో ఉండిపోయింది.

అయితే అంతా బూటకం అని కొట్టిపారెయ్యడం కూడా తప్పే. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్‌ల మధ్య దాదాపు 90 కిలోమీటర్లు పరుగెత్తే కామ్రేడ్స్ పందెం ఉంది. మన తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న ఊరే డర్బన్. పందేనికి ముందు రోజూ 600 మిల్లీగ్రాముల విటమిన్ సి తీసుకున్నవాళ్ళలో తర్వాత జలుబూ గొంతునొప్పీ వచ్చినవాళ్ళు నూటికి 33 మంది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 68 మంది అని 1993లో అచ్చయింది. జర్మనీలోని ట్రియర్‌లో, నలుగురి ముందు మాట్లాడించి, లెక్కలు చెప్పించి కంగారు పెట్టే ఒక పరీక్ష ఉంది. రెండు వారాల పాటు రోజుకి 3,000 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళకి ఆ పరీక్షలో రక్తపోటు తక్కువ పెరిగిందని 2002లో రాశారు. కానీ 2,000 దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు, మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళకి ఇంకా చిక్కు.

ఇక అశ్వగంధ. తెలుగులో పెన్నేరు గడ్డ. గుర్రం వాసన వస్తుందని ఆ సంస్కృతం పేరు. ఒత్తిడిని తట్టుకునే బలమిచ్చే పదార్థాలకి "ఎడాప్టోజెన్" అనే పేరు 1947లో సోవియట్ శాస్త్రవేత్త లాజరెవ్ పెట్టాడు. అక్కడివాళ్ళు సైబీరియా మొక్కల మీద పనిచేశారు. మన గడ్డ తర్వాత ఆ పేరు కిందికి చేరింది. 2012లో హైదరాబాదులో 64 మంది మీద పరీక్ష జరిగింది. వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున పూటకొకటి, రోజుకి రెండుసార్లు, 60 రోజులు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గిందనీ, మనసు కుదుటపడిందనీ ఫలితం. ఇవాళ ప్రపంచమంతా సీసాల మీద కనబడే ధీమాకి ఆ పరీక్ష ఒక పెద్ద ఆధారం. 64 మందీ, 60 రోజులూ అన్నది మాత్రం సీసా మీద ఉండదు.

1994 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఇలాంటివి అమ్మడానికి ముందుగా ఎఫ్.డి.ఏ. అనుమతి అక్కర్లేదు. బోస్టన్ పరిసరాల్లోని మనలాంటివాళ్ళ కిరాణా కొట్లలో 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నాయని 2004లో తేలింది. అశ్వగంధ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్ నుంచీ అమెరికా నుంచీ 2020లో వచ్చాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అది థైరాయిడ్ హార్మోన్లని పెంచగలదు కూడా. గర్భిణులు వాడకూడదు.

మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు సూట్‌కేసులో థైరాయిడ్ మాత్రలూ, పక్కనే పెన్నేరు చూర్ణం పొట్లమూ తెచ్చుకుంటారు. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే మాత్రల పేర్లే చెబుతారు. చూర్ణం వాళ్ళ దృష్టిలో మందు కాదు మరి. ఆస్పత్రి కాగితం నింపేది మనమే కాబట్టి, ఆ పొట్లం పేరు కూడా అందులో రాయండి.