రాబర్ట్‌సన్‌పేట – బెంగుళూరు: సరిహద్దు మూర్తిమత్వ వికారమునకు చికిత్స

కోలారు స్వర్ణఖనుల ప్రాంతమునందలి రాబర్ట్‌సన్‌పేట, మైసూరు రెసిడెంటుగా నుండిన డొనాల్డు రాబర్ట్‌సన్ పేర వెలసిన పట్టణము. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఇచటి వీథులలో వినవచ్చును. 1894లో నేటి బంగారుపేటనుండి గనులకు రైలుమార్గ మేర్పడినది. మనోవ్యాధికి పెద్ద వైద్యము కావలసినపుడు ఈ పట్టణమునకు దిక్కు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమందున్న బెంగుళూరే.

ఆ నగరమున 1847లో ఉన్మాదులకై ఒక ఆశ్రయము స్థాపింపబడెను. నిర్బంధమే నాటి ప్రధానోపాయము. 1925లో అది మానసిక చికిత్సాలయమను పేరు వహించినది. 1954లో అఖిలభారత మానసికారోగ్య సంస్థ యేర్పడగా, 1974లో ఈ రెండును కలిసి నిమ్హాన్స్ అయ్యెను. గోడల వెనుక దాచుటనుండి రోగితో సంభాషించుటకు సాగిన మార్పునకు ఈ చరిత్ర నిదర్శనము.

అయినను ఒక వికారము చిరకాలము ఏ వర్గమునకును చెందక నిలిచినది. ఉన్మాదము కాదు, సామాన్యమగు మనోవ్యాకులతయు కాదు. 1938లో అమెరికా వైద్యుడు అడాల్ఫ్ స్టెర్న్ ఇట్టి రోగులను సరిహద్దు వారని వర్ణించెను. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణమున సరిహద్దు మూర్తిమత్వ వికారమను పేరు స్థిరపడినది. క్షణక్షణము మారు ఉద్వేగములు, పరిత్యక్తులగుదుమను తీవ్రభయము, నిలకడలేని సంబంధములు, ఆత్మహింస దీని లక్షణములు. ఆత్మహత్యాప్రమాదము వాస్తవమగుటచే దీనిని పొగరనియో, మొండితనమనియో త్రోసిపుచ్చుట ప్రాణాంతకము కావచ్చును.

చికిత్సలలో ప్రధానస్థానము సంభాషణాచికిత్సలదే. మార్షా లినహాన్ రూపొందించిన ద్వంద్వాత్మక ప్రవర్తనా చికిత్స 1991లో ప్రకటితమైన పరిశోధనచే ప్రఖ్యాతి నొందెను. వర్తమానమునందు మనసు నిలుపుట, బాధను ఓర్చుట, ఉద్వేగమును అదుపుచేయుట, ఇతరులతో మెలగుట అను నాలుగు నేర్పులను ఇందు వారము వారము సుమారు ఒక సంవత్సరము అభ్యసింతురు. బేట్‌మన్, ఫోనగీలు ప్రతిపాదించిన పద్ధతి తన మనసును, ఎదుటివాని మనసును గ్రహించు శక్తిని పెంపొందించును. ఈ వికారమును మాన్పుటకు ప్రత్యేకమగు ఔషధము లేదు. 2009లో బ్రిటిషు మార్గదర్శకములు మందులను ఈ వికారమునకే ఇయ్యరాదని సూచించెను. వెంటనున్న విషాదరోగము వంటి వానికి మాత్రము అవి అవసరము కావచ్చును. దీర్ఘకాల పరిశీలనలలో అధికసంఖ్యాకులకు లక్షణములు తగ్గిపోవుట గమనింపబడినది. కావున ఇది నిరాశకు తావైన వ్యాధి కాదు.

కాని ఇట్టి చికిత్స ఒక్క చీటీతో ముగియునది కాదు. అది ఒక సంవత్సరపు సాహచర్యము. గనులు 2001లో మూతపడిన పిదప జీవనోపాధికై బెంగుళూరు రైలెక్కు కుటుంబములకు, వారమునకొక దినపు కూలిని విడచుట కష్టసాధ్యము. ఆంతర్యము విప్పిచెప్పుటకు మాతృభాషయు కావలయును. దూరము, భాష, ధనము – ఈ మూడే నిజమైన అవరోధములు.

వీనిని దాటుటకు దేశమున పూర్వోదాహరణములు కలవు. 1950ల దశకమున అమృతసరమున వైద్యుడు విద్యాసాగర్ రోగుల బంధువులను చికిత్సాలయ ప్రాంగణముననే గుడారములలో నిలిపి, చికిత్సలో పాలుపంచుకొనజేసెను. 1980ల దశకమున బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ వైద్యులు జిల్లా స్థాయి మానసికారోగ్య సేవను ప్రయోగించి చూపిరి. 1996నుండి అది జాతీయ కార్యక్రమ మయ్యెను. 2017 చట్టము ఆత్మహత్యకు యత్నించిన వారిని శిక్షార్హులుగా గాక తీవ్ర మనోవ్యథకు లోనైన వారిగా భావింపవలెనని విధించెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ దూరవాణి సేవ 14416 సంఖ్యద్వారా పలు భారతీయభాషలలో లభించుచున్నది.

గనుల చెంతకు విద్యుచ్ఛక్తి శివసముద్రమునుండి 1902లోనే వచ్చినది. బెంగుళూరునందున్న చికిత్సాజ్ఞానమును ఈ పట్టణమునకు కొనివచ్చుట అంతకంటె దుష్కరము కాదు. స్థానిక వైద్యశాలయందు నేర్పు గల వారిని నియమించి, కుటుంబములకు శిక్షణ నొసగి, తెలుగున మాటాడు సౌకర్యము కల్పించినచో రోగి ప్రయాణము సగము తగ్గును.