యూదా ముఖం ఎవరిది?

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పని చేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం., ఉండేది కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో. బొమ్మల గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఓచరు లేని పద్దును నమ్మకపోవడం.

బి.బి.డి. బాగ్ దగ్గర సెయింట్ జాన్స్ చర్చిలో ఏసు కడరా భోజనం బొమ్మ ఉంది. జర్మనీలో పుట్టిన జోహాన్ జొఫానీ 1787లో ఆ చర్చికి ఇచ్చాడు. అందులో కొక్కేనికి వేలాడే కత్తి బంట్రోతుల తల్వారులా ఉంటుంది. నీళ్ళ పాత్రకు నమూనా మన తమ్మపడిగ. పక్కనే భిస్తీ తోలుతిత్తి. యెరూషలేము భోజనానికి సామానంతా కలకత్తాదే!

ముఖాలూ అంతే. ఏసుకు గ్రీకు మతగురువు పార్థీనియో, యోహానుకు మేజిస్ట్రేటు బ్లాకియర్, యూదాకు వేలంపాటల వ్యాపారి టలో నమూనాలని చెబుతారు. ఆ మాట విన్నాక నాకు యూదా ముఖం నిండా కపటమే కనిపించింది. తర్వాత మా మనవరాలిని తీసుకెళ్ళి, ఏ కథా చెప్పకుండా "ఇందులో చెడ్డవాడెవరమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల వేరే శిష్యుణ్ణి చూపించింది. "మరి ఇతను?" అంటే "పాపం, ఏదో దిగులుగా ఉన్నాడు తాతయ్యా" అంది.

ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టారు, వెలుగు ఎవరి మీద పడింది అన్నది చిత్రకారుడి పని. మిగిలిన భావం చాలావరకు మనం ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ఆ కాలమే అలాంటిది. 1761లో పారిస్‌లో గ్రూజ్ వేసిన పల్లెటూరి పెళ్ళి ఒప్పందం బొమ్మను చూసి, దిదెరో అంతటి హేతువాది కూడా ఒక్కొక్కరి మనసులో ఏముందో రాసుకుంటూ పోయాడు. అది బొమ్మ కాబట్టి నష్టం లేదు. కానీ 1775 నుంచి స్విస్ పాస్టరు లవాటర్ బతికున్న మనుషుల గుణాలనే ముఖాల్లో చదవవచ్చని సంపుటాలు వేశాడు. అది శాస్త్రం కాదు, జోస్యం.

నవ్వుకునే ముందు నా సంగతీ చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఒకసారి లెక్కలో తేడా వచ్చింది. చూపు నిలపని ఒక గుమాస్తాను వారం రోజులు అనుమానించాను. చివరికి తేలింది, తప్పు నా కూడికలోనే ఉంది. అతనికి క్షమాపణ చెప్పాను గానీ, ఆ వారం రోజులు వెనక్కి ఇవ్వలేకపోయాను.

మిత్రులారా, చేతిరేఖలు నమ్మం, జాతకాలు నమ్మం. మరి ముఖాలను ఎందుకు నమ్ముతున్నాం?