పేరున్న సంస్థల ముసుగులో పెట్టుబడి మోసాలు

పేరున్న బ్రోకరేజీ, మ్యూచువల్ ఫండ్ సంస్థల పేరు, లోగో, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు వాడుకొని మదుపరుల డబ్బు కాజేసే మోసాలివి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి వేరుపడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వారికి ఇవి చేతిలోని ఫోన్ ద్వారానే ఎదురవుతాయి. గద్వాల వైపు నడిగడ్డలోని విత్తన పత్తి రైతుకు ఏడాది కష్టం ఒక్కసారే సొమ్ముగా అందుతుంది. ఆ సొమ్ము కొన్నాళ్లు ఖాతాలో ఉంటే చాలు, మోసగాడికి పని దొరికినట్టే.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, ఐపీఓ షేర్లు ఖాయంగా ఇప్పిస్తామంటారు. లింకు పంపి యాప్ వేయిస్తారు. మొదట కొద్ది మొత్తం వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరేది అక్కడే. తర్వాత తెర మీద లాభం లక్షల్లో కనిపిస్తుంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. షేర్ల లాభంపై పన్ను కట్టేది ఆదాయపు పన్ను శాఖకు. డబ్బు విడుదల చేయడానికి దాన్ని ముందుగా తన ఖాతాలో వేయమని అసలు బ్రోకరు అడగడు.

రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోమనే సలహా సగమే పనికొస్తుంది. నంబరు అసలుదే అయినా, చెప్పేవాడు నకిలీ కావచ్చు. డబ్బు ఎవరి ఖాతాకు పోతోంది, షేర్లు ఎక్కడ జమవుతున్నాయి అన్నవే గట్టి ఆనవాళ్లు. కొన్న షేరు మర్నాటి పనిదినానికి డీమ్యాట్‌లో చేరాలి. షేర్లను భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ ఖాతాలో అది కనబడకపోతే కొనుగోలే జరగలేదనుకోవాలి. సెబీ 2025 అక్టోబరు 1 నుంచి నమోదైన బ్రోకర్లు, ఫండ్ సంస్థలకు ‘వ్యాలిడ్’ యూపీఐ ఐడీలను అమల్లోకి తెచ్చింది. వాటికి చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో పైకెత్తిన బొటనవేలి గుర్తు వస్తుంది. ఖాతా అసలుదో కాదో ‘సెబీ చెక్’లోనూ చూసుకోవచ్చు.

2025 ఫిబ్రవరిలో బయటపడిన హైదరాబాద్ ఫాల్కన్ కేసు తీరు కాస్త వేరు. అమెజాన్, బ్రిటానియా వంటి పెద్ద సంస్థల బిల్లులపై పెట్టుబడి అని చెప్పి 6,979 మంది నుంచి సుమారు రూ.1,700 కోట్లు వసూలు చేశారనీ, అందులో దాదాపు రూ.850 కోట్లు తిరిగివ్వలేదనీ సైబరాబాద్ పోలీసులు తెలిపారు.

మోసం తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము నిమిషాల్లో ఒక అద్దె ఖాతా నుంచి మరో దానికి మారిపోతుంది. మధ్యలో ఎక్కడ ఆపగలిగితే అక్కడ మిగులుతుంది. ఇంట్లో ఏమంటారోనని ఒక రాత్రి ఆగడమే ఎక్కువ నష్టం చేస్తుంది. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి, గ్రూపు చాట్ చెరపకూడదు. ఖాతాల్లో నిలిపివేసిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్ ఉత్తర్వులతో బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. దానికి ఫీజు ఉండదు. పోయిన డబ్బు తెప్పిస్తామని ఫీజు అడిగేవారు పాత బాధితుల జాబితా పట్టుకొని వచ్చిన రెండో మోసగాళ్లు.