కళ్లేనికి కందెన

పాత జీపు కనబడగానే మనవాళ్ల చెయ్యి ముందు బానెట్ మీద పడుతుంది. రంగు బాగుందంటారు, హారన్ కొట్టి చూస్తారు, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. స్టీరింగు చక్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే జానెడు దూరం ఉత్తుత్తినే తిరుగుతుంది. "పాత బండి కదండీ, ఆమాత్రం ఆడదా!" అని యజమాని నవ్వేస్తాడు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగినవాళ్లకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. ఆ ఊరి పాలకోవా ఎంత తీపో, ఘాటు మలుపులు అంత చేదు.

జీపు యుద్ధంలో పుట్టిన బిడ్డ. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలని 1940లో అమెరికా సైన్యం అడిగితే, పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ సెప్టెంబరులోనే నమూనా తెచ్చి నిలబెట్టింది. కంపెనీ చిన్నది గనక పెద్ద ఆర్డర్లు దానికి దక్కలేదు. కన్నది ఒకరు, పెంచింది ఇంకొకరు అన్నట్టు, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 లోపల ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మిగులు బండ్లు జనం చేతికి వచ్చాయి. 1947లో బొంబాయిలో మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి ఇక్కడే కూర్చడం మొదలుపెట్టారు. 1952లో సమాజ వికాస పథకం వచ్చింది. బ్లాకు ఆఫీసులు వెలిశాయి, బి.డి.ఓ. గారి జీపు పల్లెల్లో దుమ్ము రేపింది. సినిమాలు మన సీమకు సుమోలు అంటగట్టకముందు, గనులకైనా, ఎన్నికలకైనా, పెళ్లిచూపులకైనా జీపే కదా! ఎడమవైపు కూర్చుని నడిపే బండి గనక, వెనకాల ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసుకుని తిరిగేది.

ఈ బండికి కళ్లెం లాంటిది స్టీరింగు డబ్బా. కడ్డీ అడుగున, పిడికిట్లో పట్టేటంత ఇనప ముక్కకు మరచుట్టులాగా గాడి ఉంటుంది. దాన్ని క్యామ్ అంటారు. ఆ గాడిలో రెండు మొనదేలిన చీలలు కూర్చుంటాయి. చక్రం తిప్పితే గాడి తిరుగుతుంది, చీలలు జరుగుతాయి, వాటిని పట్టుకున్న ఇరుసు బయటి చేతిని తోస్తుంది. ఇంతే యంత్రం. యుద్ధకాలపు జీపుకే కాదు, ఆ తర్వాత వచ్చిన పౌర జీపులకూ చాలాకాలం ఇదే ఏర్పాటు.

దీనికి పోయవలసింది గేర్ ఆయిలు, మన షెడ్డుల భాషలో నైంటీ ఆయిలు. కానీ ఇరుసు దగ్గరి సీలు అరిగితే ఆయిలు కారిపోతుంది. కారే ఆయిలును రోజూ ఎవరు పోస్తారు? అందుకని గ్రీజు కూరి మూత బిగించడం అలవాటైంది. మన రక్తంలో ఎద్దులబండి కూడా ఉంది మరి! ఆముదంలో వరిగడ్డి మసి కలిపి ఇరుసుకు పెట్టిన కందెన ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని తాతలనాటి నుంచీ విన్నాం. చిక్కనిది జీపుకు మాత్రం ఎందుకు చెడ్డదవుతుందనుకోవడం సహజమే.

కర్నూల్లో ఒక షెడ్డులో అలాంటి డబ్బా విప్పుతుంటే దగ్గరుండి చూశాను. మూత తీస్తే తారులాగా గడ్డకట్టిన గ్రీజు. ముసలి మేస్త్రీ పుల్లతో గాడిని గీకి చూపించాడు. చీలలు నడిచిన దారిలో తడి లేదు.

"చూడు సార్, డబ్బా నిండా గ్రీజుండాది, పనిచేసే కాడ మాత్రం కరువే" అన్నాడు. సీమవాడి పోలిక! పక్కకు తొలగిన గ్రీజు మళ్లీ వెనక్కి రాదు. ఆయిలైతే తొలగి, తిరిగి వచ్చి, చీలను తడుపుతుంది.

కుర్రవాడైన యజమాని, "మామా, పక్కనున్న మర ఇంకాస్త బిగిస్తే ఆట పోతాది గదా?" అన్నాడు.

"పోతాది నాయనా, దాంతోపాటు మనమూ పోతాం" అన్నాడు మేస్త్రీ.

అందులో శాస్త్రం ఉంది. బండి ఎక్కువగా నడిచేది నేరుగానే గనక గాడి నడుమనే ఎక్కువ అరుగుతుంది. ఆ నడిమి వదులు పోయేదాకా మర బిగిస్తే, అరగని చివర్లలో చీలలు పట్టేస్తాయి. అంటే సరిగ్గా మలుపులోనే చక్రం మొరాయిస్తుందన్నమాట. అందుకే ఆయన ముందు టైర్లను జాకీ మీద లేపి, డ్రాగ్ లింకు విప్పి, అరిగిన చీలలు మార్చి, పైమూత కింద రేకులు సరిచూసి, అప్పుడు గానీ ఆ మర ముట్టుకోలేదు. కొత్త సీలు వేసి, ఆయిలు పోసి, లింకుల కీళ్లు కూడా చూశాడు. చక్రం ఆడటంలో సగం నేరం వాటిదేనట.

ఇంత శ్రమ దేనికి, కొత్తరకం పవర్ స్టీరింగు పెట్టించుకోరాదా అనేవాళ్లున్నారు. రోజూ తిరిగే బండికి తప్పకుండా పెట్టించుకోవచ్చు. కానీ చరిత్ర కోసం దాచుకుంటున్నామని చెప్పుకునేవాళ్లకు నాదొక మనవి. చరిత్ర రంగులో లేదు, నంబరు పలకలో లేదు. ఎనభై ఏళ్లనాటి డ్రైవరు చేతికి ఏ బరువు తగిలిందో మన చేతికీ అదే తగలాలి. ఆ డబ్బాను సరిగ్గా విప్పి బిగించే చేతులు ముసలివైపోతున్నాయి. వాటి పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెడితే జీపూ నిలుస్తుంది, విద్యా నిలుస్తుంది.

కాబట్టి పెయింటరుకు కబురుపెట్టేముందు ఆ డబ్బా మూత విప్పించండి. బానెట్ మెరుపు ఊళ్లోవాళ్లు చూడటానికి, డబ్బాలో ఆయిలు మీరు ఇంటికి రావడానికి!