కొండ గోరింక ఎన్ని జాతులు?

బస్తర్ సీమ అడవులకు పేరు తెచ్చిన పక్షి కొండ గోరింక. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, నారింజ రంగు ముక్కు, రెక్కలో తెల్లటి మచ్చ, తల పక్కన పసుపుపచ్చని తోలు మడతలు. ఛత్తీస్‌గఢ్ దీన్ని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. అక్కడ పహాడీ మైనా అంటారు. అయినా శాస్త్రం దృష్టిలో బస్తర్ పక్షి వేరే జాతి కాదు. గ్రాకులా రెలిజియోసా అనే జాతిలో పెనిన్సులారిస్ అనే ఉపజాతి మాత్రమే. ఏది జాతి, ఏది ఉపజాతి అని తేల్చే కొలమానం రెండున్నర శతాబ్దాల్లో పలుమార్లు మారింది.

గ్రాకులా రెలిజియోసా పేరు 1758లో లిన్నేయస్ పెట్టింది. పశ్చిమ కనుమల పక్షికి నేడు వాడుతున్న ఇండికా అనే పేరు 1829 నాటిది, కువియే పెట్టింది. ఆ కాలంలో కొలమానం మ్యూజియం బల్లే. ఎండబెట్టిన పక్షి చర్మాలను వరసగా పేర్చి రంగు, రెక్క పొడవు, ముక్కు కొలత చూసేవారు. తేడా కనబడితే కొత్త పేరు పెట్టేవారు. ఆ తర్వాత మూడు మాటల పేర్లు వాడుకలోకి వచ్చాయి. చిన్న తేడాలున్న స్థానిక పక్షులను ఉపజాతులుగా పెద్ద జాతి కింద చేర్చసాగారు. ఆర్థర్ వెర్నే పేరిట తూర్పు కనుమల్లో జరిగిన సర్వే నమూనాలను పరిశీలించిన విస్లర్, కిన్నియర్ 1933లో పెనిన్సులారిస్‌కు పేరు పెట్టింది ఈ పద్ధతిలోనే.

1942లో ఎర్నెస్ట్ మేయర్ ప్రశ్ననే మార్చేశాడు. రూపం కాదు, సంతానం ముఖ్యమన్నాడు. ప్రకృతిలో తమలో తాము జతకట్టి, ఇతర గుంపులతో కలవనివి ఒక జాతి. ఒకేచోట బతికే పక్షుల విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. బస్తర్ గోరింకకూ పశ్చిమ కనుమల గోరింకకూ మధ్య ఎండు దక్కన్ పీఠభూమి ఉంది. ఎన్నడూ ఎదురుపడని పక్షులు జతకడతాయో లేదో ఎలా చెప్పడం? సలీం అలీ, రిప్లీల గ్రంథంలో ఈ రెండూ ఒకే జాతి కింద ఉపజాతులుగానే ఉన్నాయి.

తర్వాత చూపు మళ్ళీ పక్షి తలమీదికి మళ్ళింది. ఉత్తర, తూర్పు భారత పక్షుల్లో కంటి కింది నుంచి సాగిన తోలు మడత మెడ వెనక దానితో కలుస్తుంది. పశ్చిమ కనుమల పక్షిలో ఆ రెండూ విడివిడిగా ఉంటాయి. ఇలాంటి తేడాల బలంతో 1998లో ఫియర్, క్రెయిగ్, 2005లో రాస్ముసెన్, ఆండర్టన్ ఇండికాను వేరే జాతిగా చూపారు. పెనిన్సులారిస్ మాత్రం పాతచోటే ఉండిపోయింది.

ఒక్కొక్కరి అభిప్రాయానికి వదలకుండా తేడాకు మార్కులు వేసే పద్ధతిని 2010లో టోబియాస్ బృందం ప్రతిపాదించింది. రంగు, కొలతలు, కూత, అలవాట్లు, నివాస ప్రాంతాల సంబంధం: వీటిలో స్వల్ప తేడాకు 1, అసాధారణమైన తేడాకు 4. మొత్తం 7కు చేరితే జాతి. కొండ గోరింక దగ్గర ఈ లెక్కలో ఒక చిక్కుంది. అడవిలో ఇది ఇతర పక్షులను అనుకరించదు. పిల్లగా ఉన్నప్పుడు ఇరుగుపొరుగు కొండ గోరింకల నుంచే కూతలు నేర్చుకుంటుంది. అందుకే సుమారు 15 కిలోమీటర్ల దూరం దాటితే రెండు పక్షులకు ఉమ్మడి కూతే ఉండకపోవచ్చు. ఒకే జాతిలోనే యాస ఇంత మారుతుంటే, బస్తర్ కూత వేరుగా ఉందన్నంత మాత్రాన వేరే జాతి అనలేం.

ఇప్పుడు డీఎన్‌ఏ మరో సాక్ష్యం. అయితే జన్యువుల్లో ఎంత తేడా ఉంటే వేరే జాతి అనాలో అదీ మనుషులే నిర్ణయించాలి. ప్రధాన ప్రపంచ జాబితాలన్నిటినీ కలుపుతూ 2025లో వచ్చిన అవిలిస్ట్ 11,131 జాతులను లెక్కించింది. అంటే అంతకుముందు ఏ జాబితా పట్టుకుంటే ఆ సంఖ్య ఉండేదన్నమాట.

ఈ తర్జనభర్జన పండితులకే పరిమితం కాదు. ముప్పు జాబితాలు సాధారణంగా జాతినే లెక్కలోకి తీసుకుంటాయి. ఆగ్నేయాసియా దాకా విస్తరించిన పెద్ద జాతి క్షేమంగా ఉందంటే బస్తర్ గుంపు కష్టం అందులో కనబడదు. జగదల్‌పూర్‌లో పంజరాల్లో పెంచి సంఖ్య పెంచాలని చూస్తే మగా ఆడా ఒకేలా ఉండటంతో జత కుదర్చడమే గగనమైంది. హోదా వచ్చినా రాకున్నా ఆ పక్షికి కావలసింది తొర్రలున్న పాత చెట్టు. దాన్ని కాపాడటానికి మార్కులు 7కు చేరేదాకా ఆగనక్కర్లేదు.