తట్టి వినుము



బొగ్గు బావిలో పని మొదలుకాకముందు సర్దారు చేయు పని నీవెరుగుదువా? అతడు కర్రతో పైకప్పును తట్టి, చెవియొగ్గి వినును. గట్టిరాయి ఒక విధముగా పలుకును. పగిలిన రాయి డొల్లగా పలుకును. అతడు సరేయన్న తరువాతనే కార్మికులు ఆ కప్పు క్రిందికి పోవుదురు. అతడు హిందువా, ముస్లిమా, క్రైస్తవుడా అని ఎవరును అడుగరు. తమ ప్రాణములను అతని మాటకు అప్పగింతురు.

ఇల్లెందు ప్రాంతమున డాక్టరు కింగ్ 1871లో బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడెను. 1960లలో రామగుండము, గోదావరిఖని గనులు పెరిగెను. పలు పల్లెలనుండి పలు మతములవారు వచ్చి, ఒకే చీకటిలో ఒకరికొకరు తోడై పనిచేసిరి.

ఇల్లెందునుండి బొగ్గు తెచ్చు రైలుమార్గము డోర్నకల్లులో పెద్ద లైనును కలియును. ఆ ఊరు మన సంఘచరిత్రలోను ప్రసిద్ధమే. 1912లో అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు, అచ్చటనే సేవచేసిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి దేవాలయమును చూడుము. దాని స్తంభములు హిందూ మండపమును, గుమ్మటములు మసీదును జ్ఞప్తికి తెచ్చును. ఆరాధన మాత్రము క్రీస్తునకే. అజరయ్యగారు తన విశ్వాసమును పలుచన చేసినవారు కారు. మతమార్పిడి విషయమై గాంధీగారితోనే విభేదించిరి. అయినను పొరుగువారి పనితనమును తృణీకరింపలేదు. దానిని ప్రభువు మందిరమునకు తగినదిగా ఎంచిరి.

మరి మన సంగతి ఏమి? పొరుగింటి పండుగను గూర్చి మనకు తెలిసినదెంత, వదంతిగా విన్నదెంత? సర్దారు తట్టి వినును. మనము తట్టకయే తీర్పు తీర్చుదుము. పొరుగువానిపై అబద్ధము పలుకరాదను ఆజ్ఞ అతని మతమును గూర్చిన మాటలకును వర్తించును గదా! తెలియక పలికినను, ఆ మాట అతని గుండెను గాయపరచును. ఊరిలో పగను రేపును.

సహోదరుడా, సహోదరీ, ఈ వారము ఒక్క పని చేయుము. పొరుగువానిని అతని పండుగను గూర్చి అడిగి, మధ్యలో మాటాడక వినుము. అతడడిగినయెడల నీ నిరీక్షణను గూర్చి సాత్వికముతో చెప్పుము. గనిలో ఒకరి మాటను ఒకరు నమ్మినవారు గట్టుమీద ఒకరి మాట ఒకరు వినలేరా?